రెండు రకాల బాణాలు, రెండూ పనికిరానివే: బాణం పొడవు తేల్చిన ఒక కేసు

భూపాలపల్లి నుంచి వచ్చిన పదిహేనేళ్ల కాంపౌండ్ (రెండు చివర్లా చక్రాలున్న విల్లు) ఆర్చర్ కేసు ఇది. అమ్మాయి దగ్గర రెండు సెట్ల బాణాలున్నాయి. ఒకటి సీనియర్ దగ్గర కొన్న పాత సెట్. రెండోది అమెరికాలో ఉండే మేనమామ తెచ్చిచ్చిన కొత్త సెట్, అక్కడ ఆయన వేటకు వాడేది. మొదటివి ప్రమాదకరమైనంత పొట్టివి. రెండోవి చాలా ఖరీదైనవి, చాలా పొడవైనవి. "వీటిని కోసేస్తే సరిపోతుంది కదా" అని ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. కోయకూడదని నేనన్నాను. ఎందుకన్నానో, చివరికి ఏ పొడవు ఎలా తేల్చామో వివరంగా రాస్తున్నాను. ఇలాంటి బాణాలు పట్టుకుని హనుమకొండలో నా దగ్గరకు వచ్చే పిల్లలు ఇప్పుడు ఎక్కువయ్యారు. పెద్దపల్లి జిల్లాకు చెందిన తనిపర్తి చికిత 2025లో విన్నిపెగ్‌లో ప్రపంచ యూత్ ఛాంపియన్‌షిప్ స్వర్ణం గెలిచింది. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్‌ను చేర్చారు. ఉత్తర తెలంగాణలో తల్లిదండ్రుల ఉత్సాహం పెరిగింది. ఆ ఉత్సాహంలో ముందు విల్లు కొంటారు, తర్వాత దొరికిన బాణాలు కొంటారు. పిల్ల ఒంటి కొలత చివర్లో తీస్తారు. అది మొదట తీయాల్సిన కొలత.

అమ్మాయి చెప్పిన ఫిర్యాదు ఒక్కటే. "ముప్పై మీటర్లల్ల బాణాలు ఒక్క దగ్గర పడ్తలేవు సార్. ఒక్కోసారి వదిలేముందే టక్కుమని చప్పుడైతది." మొదటి మాట ఏ కొత్త ఆర్చర్ అయినా చెప్పేదే. రెండోది వినగానే విల్లు కింద పెట్టమన్నాను. బాణం వదలకముందు టక్కుమనడమంటే రెస్ట్ (విల్లు మీద బాణం ఆనే చోటు) మీద నుంచి ఏదో జారుతోందని అర్థం. జారిన బాణాన్ని అలాగే వదిలితే అది విల్లు చట్రానికి తగిలి పగలొచ్చు, లేదా పట్టుకున్న చేతిలోకే దిగొచ్చు. కార్బన్ గొట్టం పగిలితే పీచులుగా చీలుతుంది. ఆ పీచు చేతిలోకి వెళితే తీయడం ఆస్పత్రిలో కూడా అంత తేలిక కాదు.

నాక్ (బాణం తోకలో తాడు పట్టే ముక్క) గాడి నుంచి గొట్టం చివరి దాకా కొలిస్తే పాత బాణాలు 23.75 అంగుళాలు వచ్చాయి. పాయింట్‌ను (ముందుండే మొనను) ఈ లెక్కలో కలపరు. బాణం పొడవంటే నాక్ గాడి అడుగు నుంచి గొట్టం కోసిన అంచు దాకా, అంతే. కొందరు పాయింట్ మొన దాకా కొలిచి ఆర్డర్ ఇస్తారు. అలా చేస్తే వచ్చే బాణం దాదాపు అంగుళం పొడవుగా ఉంటుంది.

విల్లు కూడా సెకండ్‌హ్యాండే. ముందు వాడిన పిల్లకు సెట్ చేసిన 26 అంగుళాల డ్రా లెంగ్త్ అలాగే ఉంది. డ్రా లెంగ్త్ లెక్క గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి, సగం తప్పులు దీని దగ్గరే మొదలవుతాయి. పరిశ్రమ వాడే కొలతలో డ్రా లెంగ్త్ అంటే తాడు పూర్తిగా లాగినప్పుడు నాక్ గాడి నుంచి గ్రిప్‌లో (విల్లు పిడిలో) చెయ్యి ఆనే లోతైన చోటు దాకా ఉన్న దూరానికి 1.75 అంగుళాలు కలిపిన అంకె. కాబట్టి 26 అని రాసి ఉంటే గ్రిప్ దాకా నిజంగా ఉన్నది 24.25. ఈ విల్లు మీద రెస్ట్ బ్లేడు (బాణాన్ని మోసే రేకు) గ్రిప్ లోతు కన్నా పావు అంగుళం ముందుకు ఉంది. అంటే పూర్తిగా లాగితే నాక్ నుంచి బ్లేడు దాకా 24.5 అంగుళాలు. బాణం 23.75. గొట్టం అంచు బ్లేడు దాటి ముప్పావు అంగుళం వెనక్కి వచ్చేస్తోంది. అమ్మాయి ఇన్నాళ్లూ కేవలం స్టీల్ పాయింట్ మాత్రమే బ్లేడు మీద నిలబడి ఉండగా బాణాలు వదిలింది. కొంచెం ఎక్కువ లాగిన రోజున అది కూడా జారింది. ఆ టక్కుమన్న చప్పుడు అదే.

నాన్న సింగరేణిలో ఫిట్టర్. కొలతలు, పనిముట్లు చేతిలో ఆడే మనిషి. ఈ లెక్క కాగితం మీద గీసి చూపించగానే ఆయన ముఖం మారిపోయింది. "ఇన్ని దినాలు గిట్లనే కొట్టిందా సార్?" అన్నాడు. ఆ సెట్‌లో ఒక్కో బాణాన్ని రెండు చేతులతో మెల్లగా వంచి, తిప్పుతూ చెవి దగ్గర పెట్టి విన్నాం. పాయింట్ దగ్గర గీత పడిన ఒకటి చిటపటమంది. దాన్ని రెండు ముక్కలుగా విరిచి పారేశాం, ఇంకెవరూ ఏరుకుని వాడకుండా. మిగతావి ఈ పిల్లకు పనికిరావు కాబట్టి పక్కన పెట్టాం.

అప్పుడు ఆయన సంచిలోంచి రెండో సెట్ తీశాడు. నల్లటి గొట్టాలు, మంచి వేన్స్ (తోక దగ్గరి రెక్కలు), చూడగానే ఖరీదైనవని తెలుస్తుంది. "మా బామ్మర్ది టెక్సాస్‌ల ఉంటడు సార్. ఆడ జింకల వేటకు వాడేటివట. పొడుగున్నయి గానీ రెండున్నర ఇంచులు కోస్తే అయిపాయె. మా వర్క్‌షాప్‌ల కోపిస్త."

గొట్టం మీద 340 అని రాసి ఉంది. పొడవు 28.5 అంగుళాలు, గొట్టం బరువు అంగుళానికి 9.3 గ్రెయిన్లు, పాయింట్ 100 గ్రెయిన్లు. (ఒక గ్రాము అంటే సుమారు 15.4 గ్రెయిన్లు. బాణాల లోకమంతా గ్రెయిన్లలోనే మాట్లాడుతుంది.) ఇన్సర్టు (పాయింట్ బిగించే ముక్క), నాక్, వేన్స్ అన్నీ కలిపి తూకం వేస్తే ఒక్కో బాణం 410 గ్రెయిన్ల దగ్గర తూగింది. మేనమామ విల్లు డ్రా వెయిట్ (లాగడానికి పట్టే బలం) 65 పౌండ్లు, డ్రా లెంగ్త్ 29. ఆ మనిషికి, ఆ విల్లుకు ఇవి చక్కగా కుదిరిన బాణాలు. మేనకోడలి విల్లు 36 పౌండ్లు.

ఆ 340 అనేది స్పైన్. 28 అంగుళాల దూరంలో రెండు ఆనుల మీద గొట్టాన్ని పెట్టి, మధ్యలో 880 గ్రాముల బరువు వేలాడదీస్తే ఎన్ని వేల వంతుల అంగుళం కుంగుతుందో ఆ అంకె. 340 అంటే 0.340 అంగుళం, దాదాపు 8.6 మిల్లీమీటర్లు. అంకె చిన్నదైతే గొట్టం గట్టిది. తాడు వదలగానే వెనక నుంచి తోపు వస్తుంది, ముందు పాయింట్ బరువు కదలనంటుంది, మధ్యలో గొట్టం వంగుతుంది. ఆ వంపు విల్లు బలానికి తగ్గట్టు ఉండాలి. తక్కువ వంగినా ఇబ్బందే, ఎక్కువ వంగినా ఇబ్బందే.

ఫిట్టర్ కాబట్టి ఆయనకు ఎక్కువ చెప్పాల్సిన పని రాలేదు. రెండు ఆనుల మధ్య పైపు ఎంత వంగుతుందనేది పొడవు ఘనాన్ని బట్టి ఉంటుంది. పొడవు సగం చేస్తే వంపు సగం కాదు, ఎనిమిదో వంతు అవుతుంది. 28.5ను 26కి కోస్తే వంపు నాలుగో వంతు దాకా తగ్గుతుంది. 340 గొట్టం దాదాపు 260 గొట్టంలా ప్రవర్తిస్తుంది. అంటే ఇప్పటికే ఈ పిల్లకు మరీ గట్టిగా ఉన్న బాణాన్ని కోసి ఇంకా గట్టిగా చేస్తాం. బరువు తగ్గుతుందా అంటే, రెండున్నర అంగుళాలకు తగ్గేది 23 గ్రెయిన్లే. 387 గ్రెయిన్ల బాణం 36 పౌండ్ల విల్లుకు ఎక్కువే. పాయింట్ బరువు పెంచితే గొట్టం మెత్తగా ప్రవర్తిస్తుంది, నిజమే, కానీ అప్పుడు బాణం ఇంకా బరువెక్కుతుంది. ఎటు తిప్పినా దారి మూసుకుపోయింది.

"కోస్తే సన్నగైతదా సార్, పొట్టిగైతది గంతే" అన్నాడాయన తనంతట తనే. ఈ కేసు మొత్తంలో అంత సూటిగా ఇంకెవరూ చెప్పలేదు.

నమ్మకం కోసం ఒక బాణాన్ని అమ్మాయితోనే 20 మీటర్లలో వేయించాను. పొడవు చాలినంత ఉంది కాబట్టి ప్రమాదం లేదు. బాణం తిన్నగానే వెళ్లింది. రిలీజ్‌తో (తాడు పట్టి వదిలే చిన్న పరికరంతో) వదిలే కాంపౌండ్‌లో కాస్త గట్టి బాణాన్ని విల్లు చాలావరకు భరిస్తుంది. కానీ పాత గురికి చాలా కిందపడింది. తన వయసు పోటీల్లో వేయాల్సింది 50 మీటర్ల నుంచి, 80 సెంటీమీటర్ల టార్గెట్ మీద. పది పాయింట్ల వలయం వ్యాసం 8 సెంటీమీటర్లే. ఆ దూరానికి ఈ బాణంతో సైట్‌ను (గురి చూసే పరికరాన్ని) కిందికి దించుతూ పోతే దాని పట్టీ అయిపోతోంది. వేట 20, 30 గజాల్లో చేస్తారు. అక్కడ బరువైన బాణం లోతుగా దిగడం గుణం. 50 మీటర్ల టార్గెట్‌కు అదే గుణం భారమవుతుంది.

కాబట్టి రెండు సెట్లూ పోయాయి. ఇక మొదటి నుంచి మొదలుపెట్టాం: ముందు ఒళ్లు, తర్వాత విల్లు, చివర్న బాణం.

గోడకు వీపు ఆనించి, చేతులు చాపి, ఒక మధ్యవేలి కొస నుంచి రెండో మధ్యవేలి కొస దాకా కొలిస్తే 160 సెంటీమీటర్లు, అంటే 63 అంగుళాలు. దాన్ని 2.5తో భాగిస్తే 25.2. ఇది అంచనా మాత్రమే. మెడ పొడవు, దవడ ఆకారం, భుజాల వెడల్పు, రిలీజ్ పట్టుకునే తీరు అందరికీ ఒకేలా ఉండవు. విల్లు లాగించి పక్క నుంచి చూస్తే తేలింది. 26 దగ్గర తాడు నోటి మూల దాటి వెనక్కి వెళ్తోంది, తల వెనక్కి వాలుతోంది, విల్లు పట్టిన భుజం చెవి వైపు లేస్తోంది. ఇవన్నీ డ్రా లెంగ్త్ ఎక్కువైందని చెప్పే గుర్తులే. మాడ్యూల్ (డ్రా లెంగ్త్‌ను నిర్ణయించే ముక్క) మార్చి 25కి తెచ్చాం. భుజం దిగింది. ముక్కు కొస తాడుకు తాకింది. మాడ్యూల్ మారిస్తే డ్రా వెయిట్ కూడా కొంచెం కదులుతుంది, అందుకని కొక్కెం తూకంతో మళ్లీ చూసి 36 దగ్గర పెట్టాం. క్యామ్‌ల (చక్రాల) గుర్తులు, బ్రేస్ హైట్ (లాగనప్పుడు గ్రిప్ నుంచి తాడు దాకా దూరం) సరిచూశాం. ఇవి కుదరకముందు బాణం కొలిస్తే ఆ కొలతకు విలువ లేదు.

ఇక అసలు కొలత. కోయని పొడవాటి బాణం ఒకటి తీసుకుని, టార్గెట్‌కు బాగా దగ్గరగా నిలబెట్టి, మొన టార్గెట్ వైపే ఉండగా, గోడ తగిలేదాకా లాగమన్నాను. కాంపౌండ్‌లో ఇక లాగబడని చోటును గోడ అంటాం. పక్క నుంచి రెస్ట్ బ్లేడు ఆనిన చోట మార్కర్‌తో గీత పెట్టాను. తాడు వదలకుండా మెల్లగా దించాక నాక్ గాడి నుంచి గీత దాకా టేప్ పెడితే 23.5. లెక్క ప్రకారం రావాల్సిందీ అంతే: 25 లోంచి 1.75 తీస్తే 23.25, బ్లేడు పావు అంగుళం ముందుంది కాబట్టి 23.5. లెక్క, కొలత కలవకపోతే ఎక్కడో ఏదో తప్పు సెట్ అయిందని అర్థం. అప్పుడు ఆగి వెతకాలి.

ఎదుగుదల ఆగిన పెద్దవాళ్లకైతే ఇక్కడి నుంచి ఒక అంగుళం ముందుకు వదిలి కోస్తాను. 24.5 అన్నమాట. దానికన్నా తక్కువ నేను ఎవరికీ కోయను. లాగేటప్పుడు ఒళ్లు కాస్త సాగినా, తాడు వేడికి సాగినా, మాడ్యూల్ ఒక మెట్టు మారినా గొట్టం బ్లేడు మీదే ఉండాలి. వరంగల్ మే నెల ఎండలో తాడు సాగదని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఈ పిల్లకు పదిహేనేళ్లు, ఇంకా ఎదుగుతోంది. కాబట్టి ఎదుగుదలకు మరో అంగుళం. తర్వాత ట్యూనింగ్‌లో బాణం మెత్తగా తేలితే కోసి సరిచేయడానికి ముప్పావు అంగుళం. మొత్తం 26.25.

మరి కోయకుండా నిండు పొడవే ఉంచితే పోదా అని నాన్న అడిగాడు. న్యాయమైన ప్రశ్న. పొడవు పెరిగితే గొట్టం మెత్తగా ప్రవర్తిస్తుంది, దాన్ని సరిచేయడానికి ఇంకా గట్టి గొట్టం తీసుకోవాలి, గట్టి గొట్టం మామూలుగా బరువెక్కువ. 36 పౌండ్ల విల్లుకు ఆ బరువు 50 మీటర్లలో భారం. ఒళ్లు అవసరమైనంత పొడవు, దాని మీద ఎందుకు ఉంచామో చెప్పగలిగినంత మిగులు, అంతకు మించి వద్దు.

ఇక్కడ రికర్వ్ (చక్రాల్లేని విల్లు) వాళ్లకు ఒక హెచ్చరిక. ఈ మిగులు లెక్క మీకు వర్తించదు. మీ బాణం పొడవు క్లిక్కర్‌తో (చాలినంత లాగగానే టిక్కుమనే రేకుతో) ముడిపడి ఉంటుంది. బాణం మొన క్లిక్కర్ కిందనుంచి జారిన క్షణమే వదలాలి కాబట్టి పొడవు మారితే క్లిక్కర్ చోటూ మారాలి. కాంపౌండ్‌లో గోడ ఉంది కాబట్టి ముందు వైపు మనకు స్వేచ్ఛ ఉంది.

పొడవు తేలాక స్పైన్. తయారీదారు పట్టికలో 36 పౌండ్లు, 26 అంగుళాల గడి 700కు, 750కు మధ్య పడింది. 700 తీసుకున్నాను, కాస్త గట్టి వైపు. కారణం మళ్లీ వయసే. పిల్ల బలం పెరుగుతుంది, డ్రా వెయిట్ పెంచుతాం, బలం పెరిగితే అదే బాణం మెత్తగా ప్రవర్తిస్తుంది. పట్టికల్లో మోటుగా ఒక అంగుళం పొడవు, 5 పౌండ్ల బలం ఒకదానికొకటి సమానం. అంగుళం పొడవు పెంచినా, 5 పౌండ్లు పెంచినా ఒక గడి కదులుతుంది. పట్టిక మొదలుపెట్టడానికే. తేల్చేది టార్గెట్ దగ్గరే.

గొట్టాల కోత గురించి నాన్నతో కొంచెం వాదన జరిగింది. ఆయన హాక్‌సా బ్లేడుతో నున్నగా కోయగలనన్నాడు. ఆయన చేతి మీద నాకు అనుమానం లేదు. కానీ హాక్‌సా పళ్లు కార్బన్ పోగులను లాగి చీలుస్తాయి. పైపు కట్టర్ పిండేస్తుంది. అంచులో కంటికి కనబడని పగులు మిగిలితే అది టార్గెట్‌కు తగిలే ప్రతిసారీ పెరుగుతుంది. కార్బన్‌ను వేగంగా తిరిగే పలుచటి అబ్రేసివ్ డిస్క్‌తోనే కోయాలి. గొట్టాన్ని తిప్పుతూ కోయాలి. ఆ నల్లటి పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, మాస్క్ తప్పనిసరి, పొడిని లాగేసే ఏర్పాటు ఉండాలి. ఈ మాట వినగానే ఆయన తలూపాడు. బొగ్గు దుమ్ము సంగతి తెలిసిన మనిషికి ఇంకేం చెప్పాలి. కోత నా దగ్గరి మిషన్ మీదే చేశాం. గొట్టాలన్నీ ఒకే పొడవు రావడానికి కావాల్సిన స్టాపర్, అంచు సమకోణంలో రుద్దడానికి వి-బ్లాక్ ఆయన చేసుకొచ్చాడు. అవి నేను కొన్నవాటికన్నా బాగున్నాయి.

డజనులో మూడే కోశాం. ఇది ఎవరైనా పాటించదగ్గ పద్ధతి. కోసిన గొట్టం మళ్లీ పెరగదు. మూడింటికి 80 గ్రెయిన్ల పాయింట్లు పెట్టాం. హాట్‌మెల్ట్‌తో అతికించేటప్పుడు వేడి పాయింట్‌కే పెట్టాలి, గొట్టానికి పెడితే లోపలి రెసిన్ పాడవుతుంది. పూర్తయిన బాణం 262 గ్రెయిన్లు. పౌండుకు 5 గ్రెయిన్ల కన్నా తక్కువ బరువు బాణం వేయకూడదని కాంపౌండ్ తయారీదారులు సాధారణంగా చెప్పే హద్దు. తేలికైన బాణం వేస్తే ఖాళీ విల్లు వదిలినట్టే, దెబ్బంతా విల్లే తింటుంది. 36 పౌండ్లకు ఆ హద్దు 180. మాది పౌండుకు 7 పైనే, నిశ్చింత. వేలి మీద తూచితే బాణం నాక్ గాడి నుంచి 15.9 అంగుళాల దగ్గర సమంగా నిలిచింది. మధ్య బిందువు కన్నా అది దాదాపు 2.8 అంగుళాలు ముందు. పొడవుతో భాగిస్తే ముందు బరువు పదిన్నర శాతం. టార్గెట్ బాణానికి ఇబ్బంది లేని అంకె.

రెండు మీటర్ల నుంచి కాగితం గుండా వేయిస్తే చిరుగు ఎడమకు వచ్చింది. కుడిచేతి ఆర్చర్‌కు తోక ఎడమకు చీలిస్తే బాణం మెత్తగా ఉందని పుస్తకం అంటుంది. మిగులు ముప్పావు అంగుళం అందుకే కదా ఉంచాం, పావు అంగుళం కోద్దామా అని నాన్న లేచాడు. ఆగమన్నాను. కాంపౌండ్‌లో ఎడమ చిరుగుకు బాణం ఒక్కటే కారణం కాదు. గ్రిప్‌ను పిడికిలితో బిగిస్తే, రెస్ట్ పక్కకు ఉంటే, క్యామ్ వాలితే, వేన్ ఎక్కడైనా తగిలితే కూడా అలాగే చీలుతుంది. అమ్మాయి వేళ్లు చూశాను. వేలి కణుపులు తెల్లబడేలా పట్టుకుంది. బాణం జారిపోతుందేమోనన్న పాత భయం ఆ చేతిలో ఇంకా ఉంది. "బిడ్డా, ఇప్పుడు బాణం ఎటూ జారదు, రెండంగుళాలకు పైగా ముందుంది, చెయ్యి వదులు చెయ్" అని చెప్పి, బొటనవేలి కింది మెత్తని భాగం మీదే విల్లు ఆనేలా చేయించాం. చిరుగు సగానికి పైగా తగ్గింది. రెస్ట్ వెంట్రుకవాసంత జరిపితే మిగతాది పోయింది. గొట్టాన్ని రవ్వంత కూడా కోయలేదు. తర్వాత వేన్స్ లేని బాణం, ఉన్న బాణం 18 మీటర్ల నుంచి పక్కపక్కనే పడ్డాక మిగిలిన తొమ్మిదీ అదే 26.25కు కోశాం.

ముప్పై మీటర్లలో టార్గెట్ నీలం వలయం నుంచి నడిమి పసుపు దాకా చెల్లాచెదురుగా పడే బాణాలు ఎరుపు, పసుపుల్లోకి వచ్చాయి. ఇదంతా బాణం పొడవు ఘనత అని నేను చెప్పను. సగం డ్రా లెంగ్త్ సరిచేయడం వల్ల వచ్చింది, ఇంకొంత చేతి పట్టు వదలడం వల్ల. కానీ పొట్టి బాణం భయం పోకపోతే ఆ పట్టు వదిలేది కాదు. జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో పొద్దున్నే గాలి లేనప్పుడు 50 మీటర్ల సాధన మొదలుపెట్టింది. సైట్‌లో ఇంకా బోలెడు చోటు మిగిలి ఉంది.

ఇక మేనమామ సంగతి. బాణాలు వద్దన్నామని తెలిసి ఆయన వీడియో కాల్ చేశాడు, చిన్నబుచ్చుకోలేదు. పైగా తన ప్రశ్న అడిగాడు. అక్టోబర్‌లో టెక్సాస్‌లో విల్లు వేట సీజన్. తన బాణాలను 27 అంగుళాలకు కోస్తే తేలికై వేగం వస్తుందని తోటివాళ్లు అంటున్నారట. పాయింట్ బదులు స్థిరమైన బ్లేడ్లున్న బ్రాడ్‌హెడ్ వాడదామని ఉంది, కోయమంటారా అని. ఇక్కడ మన పిల్లలకు ఒక మాట చెప్పి ముందుకు వెళ్తాను. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషేధం. విల్లుతో అయినా సరే నేరమే. ఏటూరునాగారం అడవి పక్కన బతికేవాళ్లకు ఇది ఇంకా బాగా గుర్తుండాలి. ఆయన లైసెన్సు తీసుకుని అక్కడి చట్టం ప్రకారం చేసే పని అక్కడిది.

ఆయనకు లెక్క వేశాం. డ్రా లెంగ్త్ 29 కాబట్టి గ్రిప్ దాకా 27.25. 27 అంగుళాల గొట్టానికి బ్రాడ్‌హెడ్ బిగిస్తే లాగినప్పుడు ఆ బ్లేడ్లు సరిగ్గా పిడికిలి పైన ఉంటాయి. చలికి గ్లవ్ వేసుకుని, జింక కనబడిన టెన్షన్‌లో, చూపుడువేలు కాస్త పైకి లేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పైగా ఆయన విల్లు మీద గొట్టం రెస్ట్ మీద ఆనడమే అనుమానం. టార్గెట్ పాయింట్‌కు చాలే పొడవు బ్రాడ్‌హెడ్‌కు చాలకపోవచ్చు. వేట బాణంలో బ్లేడ్లు వేళ్లకు ముందుండేలా చూసుకోవడమే పొడవు లెక్కలో మొదటి షరతు. ఇప్పుడున్న 28.5 దాన్ని తీరుస్తోంది.

వేగం మాటకొస్తే, అంగుళంన్నర కోస్తే తగ్గేది 14 గ్రెయిన్లు. ఆ బలం విల్లులో మూడు గ్రెయిన్లకు సెకనుకు ఒక అడుగు అని మోటు లెక్క. నాలుగైదు అడుగుల వేగం కోసం వేళ్లను బ్లేడ్ల కిందకు తేవాలా? 20 గజాల్లో ఆ తేడా జింకకూ తెలియదు, ఆయనకూ తెలియదు. వేటలో బరువే కదా కావాలి. 410 గ్రెయిన్లంటే ఆయన విల్లుకు పౌండుకు 6.3, అదీ ఎక్కువేం కాదు. 125 గ్రెయిన్ల బ్రాడ్‌హెడ్‌కు మారాలనుకుంటే ముందు బరువు పెరిగి గొట్టం మెత్తబడుతుంది కాబట్టి 300 స్పైన్ కూడా ఒకసారి పరీక్షించుకోమన్నాను. 100తోనే ఉంటే ఏదీ మార్చొద్దన్నాను. సీజన్‌కు ముందు బ్రాడ్‌హెడ్‌తో, మామూలు పాయింట్‌తో ఒకే గురికి వేసి చూసుకోవాలి. గాలిలో బ్లేడ్లు రెక్కల్లా పనిచేసి చిన్న ట్యూనింగ్ దోషాన్ని కూడా పెద్దది చేసి చూపిస్తాయి. ఆయన తెచ్చిన సెట్‌ను కోయకుండా తిరిగి పంపేశాం.

అమ్మాయి కేసు ఇంకా మూసెయ్యలేదు. ఈ మధ్య మళ్లీ కొలిస్తే చేతుల చాపు పెరిగింది, డ్రా లెంగ్త్ 25.5కు మార్చాం. నాక్ నుంచి బ్లేడు దాకా ఇప్పుడు 24. బాణం ఇంకా 2.25 అంగుళాలు ముందుంది, కాబట్టి బాణాలు ముట్టుకోలేదు. వచ్చే సీజన్‌కు బలం 42కు పెంచాలని ఉంది. అప్పుడు 700 గొట్టం 26.25 దగ్గర మెత్తబడుతుందని నా అంచనా. కాగితం, వేన్స్ లేని బాణం రెండూ అదే చెబితే అర అంగుళం కోసి 25.75కు తెస్తాం. అలా చేసినా రెస్ట్ ముందు 1.75 అంగుళాలు మిగులుతుంది. అప్పటికి డ్రా లెంగ్త్ 26 దాటినా, కోశాక కూడా బాణం మెత్తగానే తేలినా కోత ఆపేసి 600 గొట్టాలకు మారతాం. ఆ నిర్ణయం ఇప్పుడే తీసుకుని నాన్నకు చెప్పాను, డబ్బులు ముందే పక్కన పెట్టుకోవడానికి. కొలతలన్నీ విల్లు సంచిలో ఒక చిన్న నోట్‌బుక్‌లో తేదీలతో ఉన్నాయి, ప్రతి మూడు నెలలకోసారి చేతుల చాపు కొలిచి రాయడం ఇప్పుడు అమ్మాయే చేస్తోంది.